మూడొందల ప్లేట్లు

ప్లేటుకు నాలుగొందల ఇరవై అన్నడు
అంబర్‌పేట క్యాటరింగ్ బాలమల్లేశ్.
మూడొందల మీద ఒక్కటి లేసినా
లెక్క లెక్కే అక్కా, అన్నడు
చెవి సందుల పెన్ను తియ్యకుండనే.

రాణిగంజ్ నట్లుబోల్టుల దుకాణంల
పదకొండేండ్ల సంది పద్దులు రాస్తున్న,
నాకా లెక్క చెప్పేది!
ఇంటికొచ్చి లాంగ్ నోట్‌బుక్ తెరిచి కూసున్న.

నాయిన మొదలువెట్టిండు.
డిపోల డ్రైవర్లు, కండక్టర్లు,
గ్యారేజీల టైర్లిప్పే పిలగాండ్లు.
"ఒకల్ని పిలిచి ఒకల్ని ఇడిస్తే
రేపు డిపోల మొఖమెట్ల సూపెట్టాలె?"
నూట పది కాడ బలిమిల ఆపిన.
అమ్మ ఇంక నోరే తెరువలే.

అమ్మది గల్లీ లెక్క.
రాంనగర్ల మా గల్లీ చిన్నదే,
కని ఒక గుమ్మంల కార్డు పెడితే
ఎదురు గుమ్మం దగ్గుతది.
నల్లా కాడ బిందె జరిపి జాగిచ్చినామె,
చెల్లె సుజలకు డెంగీ వచ్చినప్పుడు
బొప్పాయాకు రసం తెచ్చిన నసీమ్ ఆపా,
ఆపా ఆడబిడ్డ, ఆడబిడ్డ మరిది.
"మరిది ఎందుకే?" అంటే
"రసం పిండింది ఆయనే" అన్నది.

రాత్రి పన్నెండింటికి నాలుగొందల అరవై రెండు.
ఎర్రపెన్ను నా చేతులవెట్టి
ఇద్దరూ అటు తిరిగి పండుకున్నరు.

మా దుకాణమోళ్ళను మొదలు తీసేసిన,
నాకు చేతనైంది అదే.
చిన్నాయన కొడుకు దోస్తులు ఆరుగురు, ఒక్కటే గీత.
పాలాయన పేరు కొట్టేసిన.
తెల్లారి పాకెట్లిచ్చుకుంట
"పెండ్లెప్పుడు బిడ్డా" అన్నడు,
లోపలికి పోయి మళ్ళ రాసిన.
ఎంత అడ్డంగ గీసినా
గీత కింది నుంచి పేరు చదవొస్తనే ఉంటది.

చిక్కడపల్లి ప్రెస్సుల కార్డు చూస్తుంటే
సపరివార సమేతంగా అన్న కాడ వేలాగింది.
తొమ్మిదక్షరాలు,
ఒక్కో కార్డుకు మూడు ప్లేట్లు మింగే మాట.
తియ్యమన్న.
ప్రెస్సు పెద్దాయన అద్దాలు నొసటి మీదికి జరిపి
"అది తీస్తే పెండ్లిపత్రిక గాదమ్మా,
కోర్టు నోటీసయితది" అన్నడు.
ఉంచిన.

ఇంక తెగక, అమ్మ బీరువ అడుగు నుంచి
తన పెండ్లినాటి సదివింపుల బుక్కు తీసింది.
పెట్టినోళ్ళకు పెట్టాలె, అది బాకీ.
చెదలు వదిలిన పేజీలల్ల
స్టీలు చెంబు, ఎల్లమ్మత్త.
నూటపదార్లు, డిపో సూపర్‌వైజరు, పోయిండు.
గోడగడియారం, తార్నాక వదిన.
అదింకా మా గోడ మీద
పది నిమిషాలు వెనక నడుస్తనే ఉంది.
ఒక కాడ మాత్రం,
మెట్టుగూడ కుట్టుమిషను ఆమె, పదకొండు రూపాలు.

పేరు లేదు.
అమ్మకు యాదికి రాలే, నాయినకు రాలే.
పెద్దమ్మకు ఫోన్ కొడితే
"మెట్టుగూడల మనకెవరున్నరే" అన్నది.
పదకొండు రూపాలంటే అప్పుడు
ఎన్ని జాకెట్లు కుట్టాలెనో!
ఎర్రపెన్ను ఆమె మీద నడువలే.
కార్డు పంపెతందుకు అడ్రసూ లేదు.
మూడొందలల్ల ఒకటి అట్లనే ఖాళీగ పెట్టిన.

పెండ్లినాడు
పిలగాని వైపు నుంచి ఒక డీసీఎం ఎక్కువొచ్చింది.
నెలదినాలు నేను గీసిన గీతలన్నీ
అండ్ల నుంచే దిగి చేతులు కడుక్కున్నయి.
బాలమల్లేశ్ మనిషి ప్లేట్ల దొంతర కాడ నిలవడి
మొఖం మొఖం చూస్తున్నడు.

అప్పుడే లైన్ల ఒక ముసలామె.
ఆకుపచ్చ నేతచీర, చంకల గుడ్డసంచి.
ఎవరి తరఫో ఎవరికీ తెల్వదు.
"ఏ వైపమ్మా మీరు? పిల్ల వైపా, పిలగాని వైపా?"
ఆమె సంచి ఇంకొంచెం దగ్గరికి అదుముకున్నది.

నేను నడుమ దూరిన.
"మెట్టుగూడ" అన్న. "రాసుకో."

ఆమె నా దిక్కు చూసింది.
అవుననలే, కాదనలే.
బగారన్నం కొంచెమే వెయ్యమన్నది,
పప్పుచారు ఎక్కువ.